ఎడారిలో కొత్తనీళ్లు

ప్రకృతి వైపరీత్యాల పాఠం నేను ఏటా చెబుతాను. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఒక బడిలో సోషల్ టీచర్ని. గోడకు ప్రపంచపటం తగిలించి, చేతికర్రతో ఒక్కో దేశాన్నీ తాకుతూ పోతాను. ఏ దేశానికి ఏ కష్టం రాసిపెట్టి ఉందో పిల్లలంతా ఒక్క గొంతుతో చెప్పాలి. జపాన్ అంటే భూకంపం. ఇండోనేషియా అంటే అగ్నిపర్వతం. బంగ్లాదేశ్ అంటే వరద. అమెరికా నడిమధ్యన సుడిగాలి, ఆస్ట్రేలియాలో కార్చిచ్చు, నేపాల్లో కొండచరియలు. పన్నుల పాఠం చెప్పేటప్పుడు నిద్రపోయే పిల్లలు కూడా ఈ పాఠానికి నిటారుగా కూర్చుంటారు. ఎవరిదో ఇల్లు కూలిందంటే వినడానికి అందరికీ హుషారే. పిల్లల్ని అనడమెందుకు, చెప్పే నాకూ హుషారుగానే ఉండేది.

"మరి మనకేంది మేడం?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు.

తుపాను అని చెబుతాను. ఒప్పుకోరు.

"తుపాను కావలోళ్లకి మేడం. మనకి వాన."

వాళ్లు చెప్పింది తప్పని నేనెప్పుడూ కొట్టెయ్యలేకపోయాను. జిల్లాకు తూర్పున కావలి దిక్కు సముద్రం ఒడ్డువాళ్లు తుపాను అనగానే పడవలు లాగి కట్టేసుకుంటారు. పడమటన మేము టీవీ సౌండు పెంచుతాం. బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినబడితే ఉదయగిరి దిక్కు పల్లెల్లో మనుషుల మొహాలు విచ్చుకుంటాయి. వాయుగుండంగా మారిందంటే ఇంకా సంతోషం. అది మన పక్కకి వస్తుందా, మచిలీపట్నం దిక్కు పోతుందా అని చర్చలు. ఒడిశాకి మళ్లిందని తెలిసిన రోజు మా నాయన, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయినట్టు, కండువా దులుపుకుని లేచిపోయేవాడు.

"పోయిందంట. ఒడిశాకి పోయిందంట. వాళ్లకేంది తక్కువైందని?" అని గొణుక్కునేవాడు.

ఒడిశాలో వాళ్ల ఇళ్లు ఎగిరిపోతాయి నాయనా అని నేను పాఠం అందుకుంటే, "మనకి ఎగరడానికి ఏముండాది?" అనేవాడు. అక్కడితో నా చదువు అయిపోయేది.

నాయనకు నిమ్మతోట ఉంది. తోట అనడం మర్యాదకే. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోగా, చెట్లు సగం కట్టెలైపోయి, మిగిలిన సగం మొండితనం కొద్దీ నిలబడి ఉన్నాయి. సోమశిల డ్యాం నీళ్లు కింద సంగం దిక్కు వరిపొలాలకు పోతాయి. మా ఎత్తుకి రావు. మాకున్న దిక్కల్లా ఉదయగిరి కొండల మీద పడిన వాన, ఆ వానను తెచ్చే వాగు. ఆ వాగు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. మేకలు పడుకుంటాయి. చప్టా మీద నుంచి బస్సులు పోతుంటే, కింద వాగు ఉందన్న సంగతి కొత్తవాళ్లకు తెలియను కూడా తెలియదు.

అందుకే వాగు వస్తే అది మాకు కబురు. ఎవరో పరిగెత్తుకొచ్చి "వాగొచ్చింది" అంటారు. చుట్టం ఊళ్లో దిగినట్టే. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఊరంతా గట్టుకు పోతుంది. ఆ ఏడాది మొదటిసారి వచ్చిన నీళ్లను కొత్తనీళ్లంటాం. కొత్తనీళ్లకు మొక్కాలి. చెప్పులు విప్పి, గట్టు దిగి, అంచున నిలబడి, దోసిట్లో నీళ్లు తీసుకుని మూడుసార్లు నెత్తిన చల్లుకోవాలి. ఆడవాళ్లు పసుపు కుంకుమ వదులుతారు. నీళ్లు ఎర్రగా, బురదగా, పుల్లలతో నురగలతో ఉంటాయి. ఎవరూ పట్టించుకోరు.

మా ఇంట్లో ఆ మొక్కు దగ్గర నాయనతో ఆటలు సాగేవి కావు. నన్నూ తమ్ముణ్నీ చెరో చేత్తో పట్టుకుని గట్టు దింపేవాడు. తమ్ముడు చిన్నప్పుడు నీళ్లంటే భయపడి వెనక్కి లాగేవాడు. "దిగరా. మొక్కకపోతే కోపమొచ్చి మళ్లీ ఏడు రాదు" అనేవాడు నాయన. ఒక ఏడాది వాడు చెప్పులతో దిగబోతే వీపు మీద ఒక్కటేశాడు. గుడిలోకి చెప్పులతో పోతావా అని అడిగాడు. అప్పట్నుంచి వాగనే మాట వినబడితే చాలు, ఇంటి దగ్గర్నుంచే చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేవాడు తమ్ముడు. ఊరంతా నవ్వేది.

అమ్మ పోయిన తర్వాత, తోట కూడా పోయేటట్టు ఉండడంతో తమ్ముడు డ్రైవింగ్ నేర్చుకుని ఒమన్ వెళ్లాడు. మా పక్క నుంచి గల్ఫ్‌కు పోవడం వింతేమీ కాదు. కూలీల క్యాంపులకు కూరగాయలు, రొట్టెలు చేరవేసే పికప్ నడిపేవాడు. సెలవు రోజు ఫోన్ చేసి నన్ను ఏడిపించేవాడు.

"అక్కా, ఇది మన ఊరేనక్కా. అదే ఎండ, అవే బోడికొండలు, అదే ఎండిపోయిన వాగు. మనుషులకి తెల్ల చొక్కాలు తొడిగినారు, అంతే తేడా."

"అంత దూరం పోయి మన ఊరికే చేరినావన్నమాట" అన్నాను.

"మీ పుస్తకంలో ఒమన్‌కి ఏం రాసినారక్కా? భూకంపమా, సునామీనా?"

"ఏమీ రాయలేదు. ఎడారి అని రాసి వదిలేసినారు."

"అయితే సేఫ్‌గా ఉండాను" అని నవ్వాడు.

వాడు చనిపోయిన కబురు బళ్లో ఉండగా వచ్చింది. నేను పేపర్లు దిద్దుతున్నాను. వాడి కంపెనీ నుంచి ఎవరో హిందీలో మాట్లాడారు. వరద అన్నారు. బండితో పాటా అని అడిగాను. లేదు, బండి బాగానే ఉంది అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తట్టలేదు. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న పేపరు దిద్దడం పూర్తి చేశాను. ఆ పిల్లకు ఒక మార్కు ఎక్కువ వేశానని తర్వాత గుర్తొచ్చింది. హెడ్‌మాస్టర్‌కు చెప్పి, ఉదయగిరి బస్సెక్కాను. దారిలో ఏడుపు వస్తుందని, పక్కన కూర్చున్నావిడ ఏమిటని అడుగుతుందని ముందే మాట సిద్ధం చేసుకున్నాను. ఏడుపు రాలేదు. ఆవిడ అడగలేదు.

ఇంటికి పోయేసరికి నాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ పక్కనే ఉంది. తమ్ముడు మొన్న సెలవుకు వచ్చినప్పుడు కొనిచ్చిన టచ్ ఫోన్ అది. చెప్పాను. విన్నాడు. "నీళ్లలోనా?" అన్నాడు.

"అవును నాయనా. అక్కడ వాన పడిందంట. వరదొచ్చిందంట."

"అది ఎడారి గదా" అన్నాడు. "ఎడారిలో నీళ్లెక్కడియి?"

తర్వాత చాలా రోజులు ఆ మాటే పట్టుకున్నాడు. పెట్టె చెన్నైకి విమానంలో వచ్చి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో మా పల్లెకు వచ్చింది. పెట్టెకు మొహం దగ్గర అద్దం ఉంది. నాయన అద్దంలోంచి చూశాడు. మా తమ్ముడే. నిద్రపోయినవాడిలా లేడు. చనిపోయినవాడిలాగానే ఉన్నాడు. నాయన తలెత్తి, చుట్టూ నిలబడ్డవాళ్లతో, "మనిషిని తెచ్చినారు సరే. ఎడారిలో నీళ్లెక్కడియో చెప్పండి" అన్నాడు. చెయ్యాల్సినవన్నీ చేశాడు. తలకొరివి పెట్టాడు. కర్మాంతరాలు జరిపాడు. ఎవరు పలకరించడానికి వచ్చినా వాళ్లకూ అదే ప్రశ్న. గల్ఫ్ పోయొచ్చినవాళ్ల ఇళ్లకు పనిగట్టుకుని పోయి అడిగేవాడు. కువైట్ నుంచి వచ్చినాయన ఒకడు, అక్కడ వాన పడితే రోడ్లు మునుగుతాయి పెద్దాయనా అని నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు జూసినావా?" అన్నాడు నాయన. చూశాను అన్నాడతను. నాయన లేచి వచ్చేశాడు.

కొడుకుని కొట్టి చంపి, వరదని చెబుతున్నారని ఈయన అనుమానమేమో అని ఊళ్లో అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. నాయన ఫోన్ సంగతి కూడా నేను అట్లాగే అర్థం చేసుకున్నాను. కర్మాంతరాలు కాకముందే దాన్ని ఆపేసి, గూట్లో దేవుడి పటాల వెనకాల పెట్టేశాడు. చార్జింగ్ పెట్టబోతే "దాన్ని ముట్టుకోబాక" అని కసిరాడు. కొడుకు కొనిచ్చింది, చూడలేకపోతున్నాడు అనుకున్నాను. నాయనతో మాట్లాడాలంటే పక్కింటికి ఫోన్ చేసి పిలిపించుకునేదాన్ని.

ఆ రోజు తమ్ముడి పక్కన ఉన్న మనిషి ఆ తర్వాత సెలవు మీద వచ్చాడు. ఉదయగిరిలో ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడు. తమ్ముడితో కలిసి చదివాడు, ఒకే కంపెనీలో ఇద్దరూ డ్రైవర్లు. నేరుగా నాయన దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక, ఆత్మకూరు వచ్చి నాకు ఫోన్ చేశాడు. బస్టాండు ఎదురుగా టీకొట్లో కూర్చున్నాం. టీ వచ్చింది. ఇద్దరం తాగలేదు.

"అక్కడ వాగుని వాదీ అంటారక్కా" అని మొదలుపెట్టాడు. "మా ఇంట్లో గూడా ఆ మాట ఉండాది. మాకు వాదీ అంటే లోయ. ఆ రోజు మేం పోతా ఉండే దోవలో ఒక్క చినుకు లేదు. ఆకాశం శుభ్రంగా ఉండాది. పైన యాడో కొండల్లో కురిసింది. దోవ దిగి ఎక్కే చోట, మన చప్టా మాదిరే ఉంటాది, అక్కడ నీళ్లు అడ్డంగా వచ్చినాయి. బండ్లన్నీ ఆగినాయి."

"ఎంత నీళ్లు?"

"మొదట మోకాలి లోతు గూడా లేవు. కానీ అక్కడోళ్లకి తెలుసక్కా. వెంటనే కార్లు వెనక్కి తీసి పైకెక్కించుకున్నారు. అంత దూరంలో నిలబడి చూస్తా ఉన్నారు. మావోడు వాగొచ్చిందిరా, వాగొచ్చింది అని అరిచినాడు. అంత సంతోషంగా వాణ్ని నేనెప్పుడూ చూళ్లా. బండి దిగినాడు. అంతమంది వెనక్కి పోతా ఉంటే వాడొక్కడే ముందరికి పోయినాడు."

నాకు అప్పటికే అర్థమైపోయింది. అయినా అడిగాను.

"చెప్పులు?"

అతను నా వంక చూశాడు. "రోడ్డు పక్కన విప్పి పెట్టినాడక్కా. నేను గూడా అనుకున్నా, వీడికేమన్నా పిచ్చా అని. అంచున నిలబడి ఒక చేత్తో ఫోన్ పట్టుకోని నీళ్లు చూపిస్తా, ఇంకో చేత్తో నెత్తిన చల్లుకుంటా ఉండినాడు. నేను రారా రారా అని అరస్తానే ఉండా. అట్లొచ్చినాయక్కా నీళ్లు, గోడ మాదిరి. అంతే."

ఫోన్ కూడా నీళ్లలోనే పోయిందట. వీడియో తీస్తున్నాడేమో, నాకు పంపడానికేమో, పాఠంలో పిల్లలకు చూపించమని అనుకున్నాను. నా ఫోన్‌కు ఏదీ రాలేదు. తర్వాత చాలాసార్లు చూసుకున్నాను, అయినా రాలేదు.

నాయనకు చెప్పబాక అన్నాను అతనితో. వరదని చెప్పు, బండి దిగినాడని చెప్పబాక. అతను తలూపాడు. ఎందుకని అడగలేదు, వాళ్లది కూడా మా దిక్కే గదా. కొత్తనీళ్లకు మా నాయన పిల్లల్ని గట్టు దింపడం అతనూ చూసి ఉంటాడు. తాను నేర్పిన మొక్కు మొక్కబోయి కొడుకు పోయాడని ఆ మనిషికి ఎవరు చెబుతారు? నేను చెప్పను. ఎడారిలో నీళ్లుండవని ఊరంతా తిరిగి కొట్లాడుకోనీ, నవ్వేవాళ్లు నవ్వనీ, దీనికంటే అదే మేలనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు బాధ కూడా వెయ్యలేదు. అప్పటికి నాకు ఏదీ అనిపించడం మానేసింది. తిన్నది రుచి తెలిసేది కాదు. పిల్లలు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో ఒక్క క్షణం ఆలోచిస్తే గానీ తట్టేది కాదు.

వానాకాలం వచ్చింది, రాలేదు అన్నట్టుగా గడిచింది. నాయన ఊళ్లో అడగడం తగ్గించాడు. దానికి బదులు అప్పుడప్పుడూ బస్సెక్కి, సంచిలో నాలుగు నిమ్మకాయలు వేసుకుని, ఆత్మకూరులో మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. భోంచేసి, నా సోషల్ పుస్తకం తీసుకుని, ఆ పాఠం తెరిచి బొమ్మలు చూసేవాడు. చదవడం అంతంతమాత్రం. నన్ను అడిగేవాడు.

"జపానోళ్లు భూమి కదిలితే ఏంజేస్తారు?"

"బల్ల కింద దూరతారు. చిన్నప్పట్నుంచే బళ్లో నేర్పుతారు."

"బయటికొచ్చి చూడరా?"

"చూడరు."

ఇంకోసారి వచ్చినప్పుడు సునామీ. ముందు సముద్రం వెనక్కి పోతుందని ఎవరో చెప్పారట.

"అప్పుడు జనం ఏంజేస్తారు?"

"తెలియనోళ్లు చూడ్డానికి పోతారు నాయనా. చేపలు ఏరుకోడానికి పోతారు."

"పోతారు గదా?" అన్నాడు. ఆ మాట అనడంలో ఏదో గట్టితనం ఉంది. "మరి వద్దని ఎవురూ చెప్పరా?"

"తెలిసినోళ్లుంటే చెబుతారు."

పుస్తకం మూసేసి బస్సుకు పోయాడు.

ఇట్లా ఒక్కో దేశం. అమెరికా సుడిగాలి, చూడ్డానికి పోతారా? కార్లేసుకుని మరీ పోయేవాళ్లు ఉన్నారు అంటే నమ్మలేనట్టు చూశాడు. ఆస్ట్రేలియా కార్చిచ్చు, చూడ్డానికి పోతారా? ఎక్కడ ఏ కష్టం వచ్చినా ఆయనకు కావాల్సింది అదొక్కటే. నాకు విసుగొచ్చేది. బడి నుంచి వచ్చి, అన్నం వండి, మళ్లీ ఇంట్లో కూడా అదే పాఠం. ఒకసారి కోపం ఆపుకోలేక, "ఇండోనేషియాలో అగ్నిపర్వతానికి ఏకంగా మొక్కుతారు నాయనా. పైకెక్కి పూలు, కోళ్లు లోపలికేస్తారు. చాలా?" అన్నాను.

కసిరినందుకు ఏమన్నా అంటాడనుకున్నాను. అనలేదు. చేతిలోని పుస్తకం కిందికి దించాడు.

"మొక్కుతారా?" అన్నాడు.

"మొక్కుతారు."

"మొక్కినా పేలతాదా?"

"మొక్కుకీ దానికీ ఏంది సంబంధం? పేలేటప్పుడు పేలతాది."

నాయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. నేను అంట్లు తోముకోవడానికి పోయాను.

ఆ ఏడాది బళ్లో ఆ పాఠం చెప్పే రోజు కూడా వచ్చింది. సహోపాధ్యాయులు, నువ్వు వద్దులే, మేమెవరన్నా చెబుతాం అన్నారు. ఫరవాలేదన్నాను. నిజంగానే ఫరవాలేదు. పటం తగిలించాను, కర్ర తీసుకున్నాను. పిల్లలకు నా సంగతి తెలుసు, ఎవరూ గట్టిగా అరవలేదు. జపాన్, ఇండోనేషియా, బంగ్లాదేశ్ అన్నీ సన్నగా, దగ్గు ఆపుకుంటున్నట్టు చెప్పారు. ఒక పాప మాత్రం చెయ్యెత్తింది. ముందు బెంచీ పాప, ఏదీ మనసులో ఉంచుకోలేని రకం.

"ఎడారిలో వరద వస్తాదా మేడం?"

క్లాసంతా ఆ పిల్లను గిల్లేటట్టు చూసింది.

"వస్తుంది" అన్నాను. "గట్టి నేల నీళ్లను తాగదు. కొండల మీద కురిస్తే కిందికి ఒక్కసారిగా వస్తాయి. ఇక్కడ చినుకు లేకపోయినా వస్తాయి. మన వాగు కూడా అంతే. రాసుకోండి."

రాసుకున్నారు. మాట నాదే అయినా, నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. మన వాగు కూడా అంతే. కొండ మీద కురిస్తే ఇక్కడ ఎండలో వాగొస్తుందని మా నాయనకు ఎవరు చెప్పాలి? ఆకాశం శుభ్రంగా ఉన్నప్పుడు కొండ దిక్కు మబ్బు చూసి, మధ్యాహ్నానికి వాగొస్తుందని లెక్క చెప్పే మనిషి. ఆయనకు తెలియక ఎడారిలో నీళ్లెక్కడియి అని ఊరంతా తిరిగాడా? గంట కొట్టారు. పటం చుట్టి బీరువాలో పెట్టేశాను.

కార్తీకంలో తుపాను వచ్చింది. ఈసారి ఒడిశాకు పోలేదు. నెల్లూరుకు దగ్గరగా తీరం దాటుతుందని టీవీలో చెప్పారు. బళ్లకు సెలవులిచ్చారు. నాయన ఒక్కడే ఉంటాడని ముందురోజే పల్లెకు పోయాను. ఎప్పుడూ లేనిది, నాయన టీవీ పెట్టలేదు. వాన రాత్రంతా కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. కొండ మాత్రం కనబడడం లేదు. మబ్బంతా అక్కడే దిగింది. నేను ఉప్మా చేశాను, ఇద్దరం తిన్నాం. పొద్దు నడినెత్తికి రాకముందే వీధిలో అరుపు.

"వాగొచ్చింది!"

తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు, ఆడవాళ్లు, పసుపు కుంకుమ గిన్నెలు, జనమంతా గట్టు దిక్కుకు సాగారు. నేను కదల్లేదు. నాయన మంచం మీంచి లేచి, కండువా వేసుకుని, నడవడం మొదలుపెట్టాడు. ఒంటరిగా పంపలేక వెనకాలే పోయాను. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు.

నీళ్లు చప్టాకు తగిలి పారుతున్నాయి. ఎర్రగా, పుల్లలతో, నురగతో, ఎప్పటిలాగే. బండ్లు రెండు పక్కలా ఆగిపోయాయి. కుర్రవాళ్లు ఫోన్లెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. ఆడవాళ్లు దిగి పసుపు వదులుతున్నారు. నాకు నీళ్లను చూస్తే ఏమవుతుందోనని లోపల ఎక్కడో భయం ఉండేది. ఏమీ కాలేదు. అవి నీళ్లు. పైగా చిన్నప్పటి అలవాటు ఎంత మొండిదంటే, ఆలోచన లేకుండానే నా కాళ్లు చెప్పులు విప్పేశాయి. గట్టు మీద తడిమట్టి చల్లగా తగిలింది. ఒక అడుగు కిందికి వేశాను.

నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"దిగబాక" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక కొత్తనీళ్ల దగ్గర ఆయన నోట ఆ మాట నేను వినలేదు. దిగు అన్న మాటే విన్నాను. తిరిగి చూశాను. నన్ను చూడడం లేదు, నీళ్లను చూస్తున్నాడు.

"దిగబాకమ్మా."

"దిగన్లే నాయనా" అన్నాను.

చెయ్యి వదల్లేదు. కింద ఎవరో మొక్కుకుని పైకి వస్తూ, "ఏం పెద్దాయనా, దిగవా?" అని పలకరించి, సంగతి గుర్తొచ్చి నాలిక్కరుచుకుని పక్కకు పోయారు. వాళ్లు పోయేదాకా నాయన ఆగాడు.

"ఆ పొద్దు వాడు నాకు ఫోన్ చేసినాడు" అన్నాడు. "నాయనా, ఈడ వాగొచ్చింది జూడు అన్నాడు. ఫోన్లో నీళ్లు చూపించినాడు. ఎర్రగా ఉండాయి, మన నీళ్ల మాదిరే. నాకు శానా సంతోషమైపోయింది. దిగి మొక్కుకో నాయనా అన్నాను."

నేను ఇన్నాళ్లూ ఆయన నుంచి దాచింది సగమే.

"వాడు నవ్వినాడు. దిగతా ఉండా అన్నాడు" అన్నాడు నాయన. "చెప్పులిప్పినావా అని గూడా అడిగినాను."

జనం మొక్కుకుంటూనే ఉన్నారు. మేమిద్దరం గట్టు మీదే నిలబడ్డాం.